డబ్బ మాలు

ఇంటి తాళంచెవితో గీకితే పిల్లరు మూల రాలింది.

ప్రసన్న మళ్ళీ గీకింది, ఈసారి కొంచెం కిందుగా, నడుము ఎత్తులో. బూడిదరంగు పొడి వేళ్ళ మీద పడింది. బొటనవేలుతో నలిపి చూసింది. ఇసుక బదులు కలిపిన రాతి డస్టు డస్టులాగే ఉంది. సిమెంటు సరిగ్గా పట్టిన కాంక్రీటు ఇట్లా విడిపోదు. గీకితే తాళంచెవి అరగాలి తప్ప పిల్లరు అరగకూడదు.

చైతన్యపురి మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపల లేస్తున్న బిల్డింగు అది. లేడీస్ హాస్టల్. జూన్‌కల్లా ఆడపిల్లలు దిగుతారని గేటుకు అప్పుడే బ్యానర్ కట్టేశారు. మూడో అంతస్తు పిల్లర్లు పోసి ఆ మంగళవారానికి సరిగ్గా వారం. శుక్రవారం వాటి మీద స్లాబు. ఆ పైన ఇంకో రెండు అంతస్తులు. సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న ప్రసన్న ఈ సైట్లో ఆరు వారాల ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఇది ఆరో వారం. శనివారం లోపల సైటు ముద్ర, సంతకం ఉన్న సర్టిఫికేట్ కాలేజీలో ఇస్తే డిగ్రీ చేతికొస్తుంది. ఇవ్వకపోతే ఇంకో ఏడాది ఆగాలి.

పన్నెండు పిల్లర్లనూ గీకి చూసింది. నాలుగు రాలాయి.

"ఏమ్మా ప్రసన్నా, సున్నం గీకుతున్నావా ఏంటి?"

సైటు ఇంజనీరు నాగార్జున మెట్లెక్కి వస్తున్నాడు. గుంటూరు వైపు మనిషి, ముప్పై దాటి ఉండవు. రోజుకు నాలుగు సైట్లు తిరుగుతాడు. ఎక్కడా కూర్చోగా ఎవరూ చూడలేదు.

"మూలలు రాలుతున్నయి సార్. నాలుగిటికి ఇట్లనే ఉంది."

"పిల్లరు చుట్టూ బిగించిన షీట్లు విప్పేటప్పుడు తగిలుంటది."

"తగిలితే పెచ్చు ఊడాలె గదా సార్. ఇది పొడి పొడి అయితుంది."

నాగార్జున దగ్గరకు రాలేదు. అంతలో అతని ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి. పిల్లర్లు పోసిన రోజే ఆ కాంక్రీటును ఆరంగుళాల ఇనుప డబ్బాల్లో నింపుతారు. గట్టిపడ్డాక ఆ ముద్దలను నీళ్ళలో ఉంచి, వారం తిరగగానే మూడింటిని ల్యాబ్‌లో మిషను కింద పగలగొడతారు. ముద్ద ఎంత బరువుకు పగిలితే పిల్లరు బలం అంత అని లెక్క. వాటినే క్యూబులంటారు. ఈ బిల్డింగుకు నాలుగు వారాల్లో బలం ఇరవై ఐదు రావాలి. వారానికి పదహారు, పదిహేడు వచ్చినా చాలు.

"ఎంతా? ముప్పై ఒకటా?" నాగార్జున ఫోన్ చెవికి ఆనించే నవ్వాడు. "విన్నావా? ఏడో రోజుకే ముప్పై ఒకటి! క్యూబు పాసైతే పిల్లరు పాసైనట్టే. మీ సిలబస్‌లో అదే కదా ఉంది? తాళంచెవి టెస్టు ఏ పుస్తకంలో ఉందమ్మా?"

సెంట్రింగు చెక్కలు కొడుతున్నవాళ్ళు కూడా నవ్వారు. ప్రసన్న తాళంచెవిని బ్యాగులో వేసుకుని, రిజిస్టరు తెరిచి అతను చెప్పిన మూడు అంకెలు రాసింది. ముప్పై ఒకటి పాయింట్ రెండు. ముప్పై పాయింట్ ఆరు. ముప్పై ఒకటి పాయింట్ ఎనిమిది. పక్కన సంతకం పెట్టింది.

కింద కంకర కుప్ప దగ్గర ఆమె తల్లి భూలక్ష్మి నెత్తి మీది గమేళా తట్ట దించి తల పైకెత్తింది. ఈ సైటు పనికి ఎల్బీ నగర్ నుంచి వచ్చే కాంక్రీటు గ్యాంగులో భూలక్ష్మి ఒకతె. ఒకే సైట్లో తల్లి కంకర మోస్తుంది, కూతురు రిజిస్టరు రాస్తుంది. మధ్యాహ్నం తల్లి గ్యాంగు ఆడవాళ్ళతో నేల మీద కూర్చుని తింటుంది. కూతురికి ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీ. ఇంజనీర్లు లేబర్‌తో కూర్చోకూడదని మొదటి రోజే నాగార్జున చెప్పాడు. ఆ గదిలో ఆరు హెల్మెట్లు మేకులకు వేలాడుతుంటాయి. ఫోటోలు తీసే రోజు అవి దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి.

"డబ్బలు పాసైనయా బిడ్డా?" కింది నుంచి అరిచింది భూలక్ష్మి.

"ఆఁ, పాసైనయి."

భూలక్ష్మి ముఖం అంతా నవ్వైంది. పక్కనున్న పెంటమ్మను మోచేత్తో పొడిచింది. "సూసినవా, నా బిడ్డ పాసైంది."

తల్లి హాస్యమాడుతోందనుకుంది ప్రసన్న.

బుధవారం ఆమె సైటుకు వెళ్ళలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ బస్సెక్కి, పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవే పక్కనున్న కాలేజీకి పోయింది. కాంక్రీట్ ల్యాబ్ చూసే ఉదయలక్ష్మి మేడం రికార్డులు దిద్దుతోంది. అలమారలో, అద్దం వెనక, పిల్లరుకు ఆనించి నొక్కితే బలం చెప్పే సుత్తిమిషను ఉంది. నాలుగేళ్ళలో దాన్ని అలమార బయట చూసింది రెండుసార్లు. ఒకసారి ప్రాక్టికల్‌కు, ఒకసారి కాలేజీకి తనిఖీ వచ్చినప్పుడు.

"ఒక్క పూటకు ఇయ్యండి మేడం. రేపు తెచ్చిస్త."

"సైటు నుంచి లెటర్ ఉందా?"

"వాళ్ళెందుకిస్తరు మేడం?"

"లెటర్ లేకుండా నేనెందుకిస్తాను మరి?" ఉదయలక్ష్మి కలం పక్కన పెట్టింది. "నువ్వు వెళ్ళింది నేర్చుకోవడానికి ప్రసన్నా. వాళ్ళ మీద ఎంక్వయిరీ చెయ్యడానికి కాదు. రేపు ఆ బిల్డరు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే ఎవరు జవాబు చెప్పాలి? వచ్చే ఏడాది మన పిల్లల్ని ఏ సైటు తీసుకుంటుంది?"

ప్రసన్న కదల్లేదు. మేడం మళ్ళీ కలం పట్టుకుని, పెట్టి, అడిగింది. "క్యూబులు ఎంతొచ్చాయన్నావు?"

"ముప్పై ఒకటి మేడం. వారానికి."

"వారానికా?" మేడం కళ్ళద్దాలు తీసింది. "సైట్లో కలిపే కాంక్రీటుకు అంత రాదే. ఎవరు నింపారమ్మా ఆ డబ్బాలు?"

పిల్లర్లు పోసిన రోజు ప్రసన్న పైన ఇనుప రింగులు లెక్కపెడుతోంది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా రింగులే లెక్కపెట్టించాడు నాగార్జున. కిందికి దిగేసరికి ఆరు డబ్బాలూ నిండి, పైన నున్నగా తాపీతో తీర్చి, వరసగా ఉన్నాయి. తీర్చిన తీరు చూసి అది ఎవరి చెయ్యో అప్పుడే తెలిసింది కూడా. తెలిసి సంతోషపడింది.

ఎల్బీ నగర్ చౌరస్తా వెనక సందులో వాళ్ళది కిరాయి గది. సాయంత్రం ఆరున్నరకు భూలక్ష్మి వచ్చి, గడప బయటే కాళ్ళు కడుక్కుంటోంది. కాళ్ళ వేళ్ళ సందుల్లో సిమెంటు పట్టి పుండ్లయ్యాయి. అక్కడ నీళ్ళు తగిలినప్పుడల్లా పళ్ళ మధ్య గాలి పీల్చుకుంటోంది.

"అమ్మా, పిల్లర్లు పోసిననాడు డబ్బలు నింపింది నువ్వే గదా?"

"నేనే. ఇంకెవ్వలున్నరు?"

"మాలు ఏడికెళ్ళి తీసినవ్? మిల్లర్ల నుంచేనా?"

కాంక్రీటు కలిపే మిషనును వాళ్ళు మిల్లర్ అంటారు, కలిపిన కాంక్రీటును మాలు అంటారు. భూలక్ష్మి పిచ్చి ప్రశ్న విన్నట్టు చూసింది. "మిల్లర్లదెందుకు తీస్త? డబ్బ మాలు వేరే కలపాలె గదా. రేకు మీద కలిపిన. నా చేత్తోటి."

"డబ్బ మాలా?"

"అన్ని సైట్ల గదే రివాజు. డబ్బలకు వేరే బస్తా ఇస్తరు. జల్లెడ పట్టిన డస్టు, కడిగిన సన్న కంకర. నీళ్ళు జర్రంత. నా చెయ్యి మంచిదని నన్నే పిలుస్తరు." తువ్వాలతో కాళ్ళు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. ఏదో దొంగతనంగా ఇచ్చే తినుబండారం లాగా చెప్పింది. "ఈసారి నేను ఇంకో రెండు దోసిళ్ళ సిమెంటు ఎక్కువేసిన. ఎవ్వలికి చెప్పలే."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంది? నీ పరీక్ష గదా! నాగార్జున సారు నాకు చెప్పిండు. 'భూలక్ష్మీ, డబ్బలు పాసైతేనే నీ కూతురు పాసైనట్టు, జాగ్రత్తగా కలుపు' అని. నువ్వు నాలుగేండ్లు సదివినవ్, నా ముద్దల కాడ నువ్వు ఫెయిలైతే నేనేం మొఖం పెట్టుకోవాలె?"

ప్రసన్న గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. నవ్వొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. "నా పరీక్ష గాదే అది! పిల్లర్ల పరీక్ష! పిల్లర్లు మంచిగున్నయా లెవ్వా అని సూసే పరీక్ష! నువ్వు మంచిగ కలిపితే పిల్లర్లు ఎట్ల మంచిగైతయి?"

"గట్ల మొత్తుకుంటవేందే? మంచిగ కలుపుడు గూడ తప్పేనా?"

"తప్పే!"

భూలక్ష్మి తువ్వాలను దండెం మీద వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. స్టవ్ వెలిగించి గిన్నె పెట్టింది. అన్నం వార్చింది.

"పిల్లర్లకు ఎట్ల కలిపిన్రు గానాడు?" చివరికి ప్రసన్నే అడిగింది.

"నీకు తెల్వదా? బస్తాకు నాలుగు గమేళాల డస్టు వొయ్యాలె. ఏడు వోయించిండు. మాలు జారుతలేదని పైప్ పెట్టి నీళ్ళు కొట్టించిండు. నేను పెంటమ్మతోటి అన్న గూడ, గిది అంబలి లెక్కుందని." అని, తనే ఆగిపోయింది. గంటె గిన్నెలో ఉండిపోయింది.

గురువారం పొద్దున నాగార్జున ఆఫీసు గదిలో ఉన్నాడు. నిలబడే ఉన్నాడు. ప్రసన్న లోపలికి వెళ్ళి, వచ్చే దారంతా నోట్లో తిప్పుకున్న మాటను కక్కేసింది.

"క్యూబులు పిల్లర్ల మాలుతోటి నింపలేదు సార్. వేరే కలిపిన్రు. ఆ ముప్పై ఒకటి అబద్ధం."

నాగార్జున తలుపు దగ్గరకు వేశాడు. కోపం రాలేదతనికి. బస్సు తప్పిపోయిన మనిషిలాగా నిట్టూర్చాడు.

"నాకు తెలీదనుకున్నావా? ఎక్కడ వేరే కలపరో చెప్పు, ఆ ఊరు పోయి ఉద్యోగం చేసుకుంటాను." అలమారలోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పరిచాడు. స్లాబు పోసే ముందు నింపే కార్డులవి. సెంట్రింగు చూశాం, ఇనుము చూశాం, పిల్లర్లు చూశాం అని గళ్ళు. కింద 'తనిఖీ చేసినవారు' అని ఒక గీత. మొదటి అంతస్తు కార్డు మీద జగన్ అని సంతకం ఉంది. రెండో దాని మీద అలేఖ్య. ప్రసన్నకు వాళ్ళు తెలియదు. సంతకాల పక్కన కాలేజీల పేర్లున్నాయి. ఇద్దరూ తనలాగా ఇంటర్న్‌షిప్‌కు వచ్చినవాళ్ళే.

మూడో కార్డులో గీత మీద ఇంకా ఏమీ లేదు.

"వాళ్ళు కూడా నీలాగే ఏదో ఒకటి అడిగారు. ఆ పిల్ల అలేఖ్య ఏడ్చింది కూడా. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. బిల్డింగు ఏమైంది? నిలబడే ఉంది కదా?"

"దాని మీద ఇంకా బరువు పడలే సార్."

"సరే. చెప్పు. వెళ్ళి చెప్పు. మన బిల్డరు మల్లికార్జునరావు గారికి చెప్పు, మున్సిపాలిటీకి చెప్పు. మొదట ఏమడుగుతారు? దొంగ క్యూబులు కలిపింది ఎవరు? మీ అమ్మ. అంకెలు రాసి సంతకం పెట్టింది ఎవరు? నువ్వు. నా పేరు ఎక్కడుందో చూపించు." రిజిస్టరు ఆమె వైపు తోశాడు. ఆమె చూడలేదు. లేదని తెలుసు. "తల్లీకూతుళ్ళు ఇద్దరే దొరుకుతారమ్మా. నేను నీ మంచికే చెబుతున్నా."

సర్టిఫికేట్ అప్పటికే టైపై ఉంది. అతను దాని మీద ముద్ర గుద్ది, సంతకం చేసి, కార్డు పక్కన పెట్టాడు. రెండు కాగితాల మధ్యలో కలం పెట్టాడు.

బయట ఎవరో ఇనుప కడ్డీలు దించుతున్నారు. ఒక్కో కడ్డీ పడ్డప్పుడు గది రేకులు అదిరాయి. కార్డు మీద ప్రసన్న సంతకం పెట్టడానికి రెండు క్షణాలు పట్టింది. ఇంటిపేరు కూడా రాయలేదు. సర్టిఫికేట్ మడత పడకుండా రికార్డు బుక్కులో పెట్టుకుని బయటికి వచ్చింది. కంకర కుప్ప వైపు చూడకుండా గేటు దాటింది.

ఆ సాయంత్రం తల్లి గడపలో అడుగు పెట్టకముందే చెప్పింది. "అమ్మా, ఇగ ఆ సైటుకు పోకు."

"రేపు స్లాబుంది గదనే. పోకుంటె ఎట్ల?"

"పోకు అంటున్న గదా. వేరే పని సూసుకో."

"పడతదా గది?" భూలక్ష్మి నేరుగా అడిగింది.

"రేపైతే పడదు. రేపు బరువంత స్లాబు కింద నిలవెట్టిన జాకీలు మోస్తయి. పదిహేను దినాలకు జాకీలు తీస్తరు గదా, ఇగ అప్పటి సంది బరువంత పిల్లర్ల మీదనే. పైనింక రెండు అంతస్తులు. ఎప్పుడని ఎవ్వలు చెప్తరు?"

"జాకీలు తీసేది గూడ మేమే గదా."

"అందుకే పోకంటున్న!"

"నేను పోకుంటె పెంటమ్మ పోతది." భూలక్ష్మి కొంగుతో మెడ తుడుచుకుంది. "నాకంటె నువ్వున్నవ్ చెప్పెతందుకు. దానికి ఎవ్వలున్నరు?"

భూలక్ష్మి వచ్చి ఎదురుగా కూర్చుంది. "నాకు జర సక్కగ చెప్పు. ఆ డబ్బల సంగతేంది అసలు? ఇరవై ఏండ్ల సంది నింపుతున్న. ఒక్కడు చెప్పలే గవి ఎందుకని. సార్లు పెద్ద సార్లకు సూపిచ్చెతందుకు అనుకున్న. సూపిచ్చేది మంచిగుండాలె గదా అనుకున్న."

కాలేజీలో చెప్పినట్టు చెబితే కుదరదనుకుంది ప్రసన్న. "పోయిన నెల నీకు జరమొస్తే బస్తీ దవాఖానల రక్తం తీసిన్రు గదా?"

"ఆఁ."

"నీ రక్తం తక్కువుందని, నీ బదులు పక్కింటి పిల్ల రక్తం ఇచ్చినమనుకో. రిపోర్ట్ ఎట్లొస్తది?"

"మంచిగొస్తది."

"నీ జరం తగ్గుతదా?"

భూలక్ష్మి తన అరచేతులు చూసుకుంది. సిమెంటు తిని గీతలు చెరిగిపోయిన చేతులు. ఇరవై ఏళ్ళలో ఎన్ని బిల్డింగులకు ఈ చేతులతో పక్కింటి రక్తం ఇచ్చిందో లెక్కేసుకుంటోందని ప్రసన్నకు అర్థమైంది.

"కడ్డీతోటి ఎన్ని పోట్లు పొడవాలె డబ్బల?" అడిగింది భూలక్ష్మి.

"మూడు వరసలు నింపాలె. వరసకు ముప్పై అయిదు."

"నువ్వు సంతకం పెట్టినవా?"

ప్రసన్న తలొంచుకుంది. తల్లి కంచంలో అన్నం పెట్టి ముందుకు జరిపింది.

శుక్రవారం ఎనిమిదింటికి మల్లికార్జునరావు తెల్లచొక్కాలో వచ్చి మిల్లర్ ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఆరు హెల్మెట్లూ దిగాయి. ఫోటోలు అయ్యాయి, హెల్మెట్లు ఎక్కాయి. ఇరవై రెండు మంది గ్యాంగు. మిల్లర్ తిరగడం మొదలుపెట్టింది. బస్తాకు ఏడు గమేళాల డస్టు. పైప్‌తో నీళ్ళు. మొదటి లిఫ్టు పైకి పోయింది.

ప్రసన్న రాకూడదనుకునే వచ్చింది. రికార్డు బుక్కు గుండెలకు హత్తుకుని గేటు లోపల నిలబడింది. సర్టిఫికేట్ అందులోనే ఉంది. మధ్యాహ్నం కాలేజీ బస్సెక్కి ఇచ్చేస్తే అయిపోతుంది.

"భూలక్ష్మీ! డబ్బాలు చూడు!" అని కేకేసి నాగార్జున ఇనుము చూడటానికి పైకి వెళ్ళాడు.

రేకు మీద విడిగా ఒక సిమెంటు బస్తా, జల్లెడ పట్టిన డస్టు, కడిగిన కంకర సిద్ధంగా పెట్టి ఉన్నాయి. భూలక్ష్మి రేకు దాటి పోయింది. మిల్లర్ మూతి కింద గమేళా పెట్టి నింపుకుంది. ఆరు డబ్బాలూ ముందేసుకుని గొంతుక్కూర్చుంది. మొదటి డబ్బాలో మూడో వంతు పోసి, కడ్డీ తీసుకుని పొడవసాగింది. పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. నీళ్ళు పైకి తేలి అంచుల మీదుగా కారాయి. ముప్పై అయిదు. రెండో వరస.

ప్రసన్న అమ్మను పిలవాలనుకుంది. పిలవలేదు.

మూడో డబ్బా సగంలో ఉండగా నాగార్జున స్లాబు అంచు నుంచి కిందికి చూశాడు. మిల్లర్ హోరులో వినబడాలని గొంతు చించుకున్నాడు.

"ఏయ్ భూలక్ష్మీ! అదెందుకు పోస్తున్నావు డబ్బాల్లో? నీకు వేరే బస్తా పెట్టించాను కదా!"

"గా బస్తా అట్లనే ఉంది సార్! స్లాబుకు పోసేదే పోస్తున్న!"

"పారెయ్ దాన్ని! దాంతో నింపితే ఫెయిలయిపోద్ది!"

మిల్లర్ నడిపే మనిషి చెయ్యి లివరు మీద ఉండిపోయింది. పైన తట్టలు అందుకునేవాళ్ళు ఆగారు. నాగార్జున తన మాట తనే విని, నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ మాట ఇరవై రెండు మందికీ వినబడింది.

భూలక్ష్మి కడ్డీ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. అరవలేదు.

"డబ్బల ఫెయిలయ్యేది, పిల్లర్ల ఎట్ల పాసయితది సార్? పోయిన వారం పిల్లర్లకు పోసింది గిదే గదా."

"ఏంటి నాగార్జునా గొడవ?" మల్లికార్జునరావు కుర్చీలోంచి అడిగాడు. "మాటలు తర్వాత. ముందు పోయించు. మాలు గట్టిపడుద్ది."

"గట్టివడితె మంచిదే గదా సేటూ," అంది పెంటమ్మ, "మేము గదే అంటున్నం, గట్టివడాలెనని." ఎవరో ఫక్కున నవ్వారు. పెంటమ్మ నవ్వలేదు. నెత్తి మీది గమేళాను కంకర కుప్ప మీద బోర్లించి, చుట్టగుడ్డ విప్పి దులిపింది. ఒకతె తర్వాత ఒకతె నిచ్చెన దిగింది. మగవాళ్ళు చివర దిగారు. గ్యాంగు అంతా పోయి సందుకు అవతల, గోడ నీడన కూర్చుంది.

మల్లికార్జునరావు ఫోన్ తీశాడు. "ఎల్బీ నగర్ అడ్డా మీద మనుషులకు కరువా? గంటలో ఇంకో గ్యాంగు వస్తది. వీళ్ళని రేపటి నుంచి గేటు తొక్కనివ్వకు."

నాగార్జున దిగివచ్చి ప్రసన్న ముందు నిలబడ్డాడు. చొక్కా వీపంతా తడిసింది. "మీ అమ్మను లేపు. కార్డు మీద నీ సంతకం ఉందని మర్చిపోయావా? ఆ సర్టిఫికేట్ ఇటివ్వు."

ప్రసన్న రికార్డు బుక్కును ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆరు వారాలు పొద్దున ఏడింటికి వచ్చి పని చేసిన సార్. గది అబద్ధం గాదు. దీన్ని ఇయ్య."

"కాలేజీకి ఫోన్ చేస్తాను. కాన్సిల్ అయిద్ది."

"చెయ్యండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం నిలబడి, సందు దాటి పోయి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. పెంటమ్మ జరిగి చోటిచ్చింది. మిల్లర్ డ్రమ్ములో మాలు నీళ్ళు కక్కుతూ కూర్చుంది.

గంట కాలేదు. నలభై నిమిషాలకే చిన్న లారీలాంటి డీసీఎం బండి సందులోకి తిరిగింది. వెనక పాతికమంది నిలబడి ఉన్నారు. గమేళాలు, పారలు, నీళ్ళ సీసాలు. ఎవరికీ ఏమీ తెలియదు. స్లాబు ఉంది, రమ్మన్నారు, వచ్చారు. నాగార్జున గేటు రెండు తలుపులూ తీసి పట్టుకున్నాడు.

భూలక్ష్మి లేవబోయింది. మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకుంది.

"నువ్వు కూసో," అంది ప్రసన్న.

బండి గేటు ముందు ఆగింది. వెనక తలుపు దించగానే ముందుగా ఒక నడివయసు ఆమె దూకింది. గమేళా చంకలో ఉంది. గోడ నీడన కూర్చున్న గ్యాంగును చూసి ఆగింది.

"ఏందే, గీళ్ళు గిట్ల కూసున్నరు? లొల్లయిందా?"

"అక్కా, పైన పిల్లర్లు మంచిగ లెవ్వు," అంది ప్రసన్న. "గీకితే రాలుతున్నయి. వాటి మీద స్లాబు పడొద్దు."

ఆమె ప్రసన్నను కిందికీ పైకీ చూసింది. చుడీదారు, బ్యాగు, రికార్డు బుక్కు. "నువ్వెవ్వలు? ఇంజనీరు మేడమా?"

"పిల్లర్లు మంచిగున్నయని కార్డు మీద సంతకం పెట్టినదాన్ని."

"నువ్వే పెట్టినవా?"

"నేనే."

"సదువుకున్నదానివి. లెవ్వని తెలిసి ఎందుకు పెట్టినవే?"

నాగార్జున గేటు వదిలి ఇటు వస్తున్నాడు. వెనక గ్యాంగు అంతా వింటోంది. తల్లి వింటోంది. ప్రసన్నకు చాలా కారణాలు గుర్తొచ్చాయి. అన్నీ నిజమైనవే.

"భయపడ్డ," అంది.

ఆమె ప్రసన్న ముఖంలోకి చూసింది. తలెత్తి మూడో అంతస్తు వైపు చూసింది. తర్వాత చంకలోని గమేళాను బండిలోకి విసిరింది. అది ఇనుప నేల మీద పెద్దగా మోగింది.

"దిగకున్రి," అంది బండిలో ఉన్నవాళ్ళతో. "ఎవ్వలు దిగకున్రి."